తుడిచేసిన ఇల్లు

ఆఫీసులో అతన్ని తుడుపుగుడ్డ అనేవాళ్లు. మొదట్లో వెనకాల అనేవాళ్లు. తర్వాత మొహం మీదే అన్నారు. చివరికి అతనే ఫోనెత్తి “తుడుపుగుడ్డనే మాట్లాడుతున్నా” అనే దాకా వచ్చింది. అది ఇళ్లకు మందులు పంపే కంపెనీ. ఎవరైనా తమ వివరాలు తీసేయమని రాస్తే, వాటిని కంపెనీ మిషన్లలోంచి ఆనవాలు లేకుండా తీసేయడం అతని పని. జనం సొంత వివరాలను కాపాడాలని చట్టం వచ్చాక పుట్టిన ఉద్యోగం. చట్టం రాకముందు అదే కుర్చీలో కూర్చుని అవే వివరాలు పోగుచేసేవాడు. గాదె నింపినవాడికే గాదె ఊడ్చే పని ఇచ్చారన్నమాట.

“ఊరందరి గుట్టూ తుడిచి వస్తారు, తిన్న బల్ల తుడవమంటే మాత్రం చెయ్యి రాదు” అని భార్య దెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

ఒక్క విషయంలో మాత్రం అతనికి కాస్త గీర ఉండేది. తాను తుడిచేది తాను చూడడు. అతని తెర మీద పేరుండాల్సిన చోట నల్లపట్టీ, ఇంటి నంబరుండాల్సిన చోట నల్లపట్టీ, జబ్బు పేరున్న చోట కూడా నల్లపట్టీయే. తుడిచేవాడి కంట కూడా పడకూడదని మిషనుకే అలా ముసుగు వేయించారు. కళ్లకు గంతలు కట్టుకుని గానుగ తిప్పే ఎద్దులా అతను రోజంతా నొక్కాల్సినవి నొక్కుతూ పోయేవాడు. ముసుగు పక్కకు తొలగించే ఉపాయం ఒకటుంది, చూపిస్తానని పక్కసీటువాడు ఒకసారి ఆశపెట్టాడు. పక్కింటి కిటికీ తెరిచుంటే తల తిప్పుకుని పోతాం కదరా, ఇదీ అంతే అన్నాడితను. ఆ పక్కసీటువాడు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

తొలగింపుకు ఒక వరస ఉంది. తీసేయమని రాత వస్తుంది. తీసేసేముందు, ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లకు, ఇంతవరకు మీ గురించి మా దగ్గరున్నదంతా ఇదీ అని ఒక నకలు మెయిల్లో పోవాలి. ఎవరో ఒకడు తమ్ముడి మీద కోపంతో తమ్ముడి ఖాతా దొంగచాటుగా తుడిపించేస్తే, ఆ తమ్ముడు కోర్టుకెక్కాడు. ఆ తర్వాత పెట్టిన నియమం ఇది. సొంతదారుకు తెలియకుండా వాడిది ఏదీ పోకూడదు. నకలు వెళ్లాక మిషను అన్నీ తుడిచేస్తుంది, పంపిన నకలు తాలూకు జాడతో సహా. ఆ నియమం అతనికి నచ్చింది. ఇంట్లోవాళ్లకు చెప్పకుండా ఇల్లు సున్నం వేస్తామా అనేవాడు.

ఆ పొద్దున కూడా అలాంటి రాతలు చాలా వచ్చాయి. అందులో ఒకదానికి కారణం రాసే గడిలో నల్లపట్టీ బారుగా ఉంది. నాలుగు వరసల దాకా ఉంటుంది. మామూలుగా జనం ఒక మాట రాసి ఊరుకుంటారు, చాలామంది అదీ రాయరు. ఎవరో కడుపులోదంతా వెళ్లబోసుకున్నట్టున్నారు అనుకున్నాడు. నకలు పంపాడు. తుడిచాడు. టీ తాగాడు.

భోజనాలయ్యాక ఫోను మోగింది.

అవతలి గొంతు మెత్తగా, మర్యాదగా ఉంది. తీసేసినట్టు నకలు అందిందనీ, చాలా శుభ్రంగా ఉందనీ, ఇంత పద్ధతిగా పనిచేసే కంపెనీని తాను చూడలేదనీ చెప్పాడు. ఆ సీటుకు మెప్పుదల ఫోన్లు వచ్చే అలవాటు లేదు. తుడుపుగుడ్డకు లోపల కాస్త వెచ్చబడింది.

“ఒక చిన్న సందేహమండీ. చిరునామా గడిలో వీధి పేరు పూర్తిగా ఉంది. ఇంటి నంబరు దగ్గరే తెగిపోయింది. ఆ మిగతా ముక్క కాస్త చెబుతారా?”

“మీ ఇల్లే కదండీ?”

“ఖాతా నాది. ఇల్లు నాది కాదు. మా ఆవిడ పెట్టుకున్న ఇల్లు.” అవతల చిన్న నవ్వు. “చెప్పాపెట్టకుండా పోయింది. పోతూపోతూ మా అమ్మను కూడా వెంటేసుకుపోయింది. వెతకని చోటు లేదు. ఆఖరికి అమ్మ గుండెబిళ్లలే పట్టించాయి చూడండి.”

తుడిచేశామండీ, ఇప్పుడు మాకూ కనపడదు అన్నాడు తుడుపుగుడ్డ.

“పర్లేదండీ. వీధి దాకా తెలిసిందిగా. వీధిలో అడుగుతాను. దారిలోనే ఉన్నాను.” థాంక్స్ కూడా చెప్పి పెట్టేశాడు.

తెర మీద ఆ ఖాతా ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. నున్నగా అలికిన గోడలా ఉంది. ఆ నాలుగు వరసల నల్లపట్టీ మాత్రం అతని కళ్లముందు నిలబడిపోయింది.

లేచి నిబంధనల మేడమ్ దగ్గరికి పోయాడు. చట్టానికి కంపెనీ తరఫున జవాబు చెప్పుకునే మనిషి ఆవిడ. చెడ్డ మనిషి కాదు. విన్నది. ఖాతా ఎవరిదని అడిగింది. ఆయనదేనన్నాడు. నకలు ఎవరికెళ్లిందని అడిగింది. ఆయనకేనన్నాడు.

“మరి తప్పెక్కడుంది?”

అతను నిలబడి వెతికాడు. తప్పు దొరకలేదు. కంచె వేసినవాళ్లు బాగానే వేశారు. గేటుకు తాళమూ బాగానే ఉంది. పశువు మాత్రం ముందునుంచీ కంచె లోపలే ఉంది.

పోలీసులకు ఫోను చేశాడు. పేరేమిటన్నారు. తెలియదన్నాడు. ఇల్లెక్కడన్నారు. తుడిచేశామన్నాడు. ఏం జరిగిందన్నారు. ఇంకా జరగలేదన్నాడు. అవతలివాడు విసుక్కోలేదు, నవ్వలేదు. ఏదో ఒక వివరం దొరికాక మళ్లీ చెయ్యమన్నాడు. అదీ సబబే.

ఆ ఇంటి జాడ ఈ లోకంలో ఇప్పుడు ఒక్కడి జేబులోనే ఉంది. అదే ఆపాల్సిన మనిషి జేబు.

తుడిచిన ప్రతిదానికీ వెనక ఒక్క అంకె మిగులుతుంది. ఏ గోడౌను నుంచి సరుకు వెళ్లేదో ఆ గోడౌను నంబరు, ఊరికే లెక్క కోసం. దాన్ని పట్టుకుని తుడిచిన మనిషిని వెనక్కి వెతికితే ఉద్యోగం ఉండదని ఈ పనిలో చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. ఆ సంతకం అతను ఇష్టంగానే పెట్టాడు. ఇప్పుడు ఆ అంకె చూసి, కడుపులో నొప్పిగా ఉందని చెప్పి బయటపడ్డాడు.

గోడౌను ఊరి అవతలి కొసన, రేకుల షెడ్డు. పార్సిళ్లు మోసే కుర్రాళ్లు బండ్ల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. వాళ్లకు ఇంటి నంబర్లతో పనిలేదు. ఒక్కో ఇంటికి ఒక్కో పేరు పెట్టుకుంటారు. కుక్క ఇల్లు, చిల్లర లేని ఇల్లు, మూడో అంతస్తు మూలుగుడు అని. ఈమధ్యే వచ్చిన ఇద్దరాడవాళ్లు, పెద్దావిడకు గుండెబిళ్లలు, అని అడిగేసరికి వాళ్లు పొడుగు అని పిలిచే కుర్రాడు తలెత్తాడు.

“ఎవరదిల్లు?”

“ఎవరిదో తెలిస్తే నేనెందుకు అడుగుతాను తమ్ముడూ?”

“అది కాదన్నా. దాని పేరే అది. ఒక్కసారే పోయా, తలుపు కొడితే ‘ఎవరది’ అన్నారు. చెప్తే మళ్లీ ‘ఎవరది’ అన్నారు. ఎండలో నిలబెట్టి చంపారనుకో.” అని వీధి చెప్పి, సందు చెప్పి, సందు చివర ఆకుపచ్చ తలుపని చెప్పి, మెట్లెక్కాక ఎడమ చేతివైపని కూడా చెప్పాడు. నువ్వెవరు, నీకెందుకు అని మాటవరసకైనా అడగలేదు. తుడుపుగుడ్డకు మేలే జరిగింది. మెత్తగా అడిగితే ఆ భర్తకూ ఇలాగే చెబుతాడు కదా అనిపించింది.

ఆకుపచ్చ తలుపు కొట్టాడు.

“ఎవరది?” వయసులో ఉన్న గొంతు.

“మందుల కంపెనీ నుంచి.”

“మందులొచ్చేశాయి. ఎవరది?”

“మందుల కోసం కాదమ్మా. మీ వివరాలు తుడిచింది నేనే.”

లోపల ఏదో కదలడం ఆగిపోయింది. ఆ గొంతు తలుపుకు ఆనించి మాట్లాడినంత దగ్గరగా వినపడింది.

“తుడిచాక ఇల్లెలా దొరికింది?”

అతను వచ్చిన పని చెప్పాడు. మీ ఆయన ఫోను చేశాడనీ, వీధి దాకా తెలుసనీ, దారిలో ఉన్నాడనీ. గడియ పడిన చప్పుడు కాదు, గడియ తీసిన చప్పుడైంది.

ఒకే గది. రెండు పరుపులు, ఒక పొయ్యి, కిటికీకి అడ్డంగా పాత దుప్పటి. తలుపు పక్కన కట్టిన సంచి కట్టినట్టే ఉంది. వచ్చిన రోజు నుంచీ విప్పలేదని చూస్తేనే తెలుస్తోంది. మోకాళ్లు ఏనుగు కాళ్లలా వాచిన ముసలావిడ కుర్చీలో కూర్చునుంది. అత్తాకోడళ్లు కలిసి కొడుకు దగ్గర్నుంచి పారిపోయి రావడం అతను ఎక్కడా వినలేదు. కోడలి మెడ కింద, జాకెట్టు అంచు దగ్గర, మానిన కాలిన మచ్చ ఉంది. చూసిన కళ్లను అతను వెంటనే దించుకున్నాడు.

పాత ఖాతా ఎందుకు ముట్టుకుందో కోడలే చెప్పింది. డాక్టరు రాసిన చీటీ అందులోనే ఉంది. కొత్తచోట కొత్త డాక్టరును చూపించాలంటే ఎక్కడినుంచి వచ్చారని అడుగుతారు. బిళ్లలు అయిపోయాయి, రాత్రుళ్లు అత్తకు ఊపిరి అందడం లేదు. ఒకే ఒక్కసారి ఆ ఖాతాలోంచి తెప్పించుకుంది. తెప్పించుకున్న మరుక్షణం భయం పట్టుకుని తీసేయమని రాసింది.

“మా ఆయనకు తెలియనివ్వకండి, తెలిస్తే చంపుతాడు అని రాశాను. నా చేత్తోనే రాశాను. మీరు చదవలేదా?”

“కనపడలేదమ్మా. మాకు ఎవరి రాతా కనపడకుండా నల్లపట్టీ వేస్తారు. మీ మంచికే.”

ఆవిడ అతన్ని అదోలా చూసింది. సంచి భుజాన వేసుకుని అత్త చంక కింద చెయ్యి పెట్టింది. ముసలావిడ లేవలేదు.

“నన్ను మోసుకుంటూ ఎంత దూరం పోతావే?”

“మొదటిసారి తీసుకురాలేదా అత్తయ్యా?”

“అప్పుడు వాడు నిద్రపోతున్నాడు. ఇప్పుడు వీధిలో ఉన్నాడు.” కోడలి చెయ్యి తీసి పక్కన పెట్టింది. “నా కొడుకు. వాడి కోపం నా కడుపులోంచే వచ్చింది. నన్ను కొట్టడు. కొడితే మాత్రం ఏమైంది, నువ్వు తిన్నన్ని తినలేదు నేను. నడువు.”

కోడలు కదల్లేదు. నోరు తెరిచి ఏదో చెప్పబోతే ముసలావిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఎక్కడికి పోతావో నాకు చెప్పకు. ఈయనకూ చెప్పకు. వాడు మెత్తగా అడిగితే చెప్పేస్తానేమో. తల్లిని కదా.”

కోడలు ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అత్త కాళ్ల దగ్గర ఒక్క నిమిషం కూర్చుని, వాచిన మోకాలి మీద తల ఆనించి, లేచి పోయింది. ఏ వైపు తిరిగిందో అతను చూడలేదు. చూడకుండా ఉండేందుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ముసలావిడ కట్టేయమంది. నువ్వూ పో నాయనా అంది. అతను మళ్లీ పోలీసులకు ఫోను చేశాడు. ఈసారి వీధి చెప్పగలిగాడు, తలుపు రంగు చెప్పగలిగాడు. మనిషిని పంపుతామన్నారు. ముసలావిణ్ని ఒంటరిగా వదిలి పోవడానికి కాళ్లు రాలేదు. అక్కడ ఉండి తాను చేయగలిగిందీ ఏమీ లేదు.

అప్పుడు బల్ల మీది మందుల డబ్బా కనపడింది. దాని మీద డెలివరీ చీటీ అంటించి ఉంది. మిషన్లో తుడిచిందంతా దాని మీద నల్లగా, స్పష్టంగా, ఏ పట్టీ లేకుండా ఉంది. తుడిచే పనిలో చేరాక మొదటిసారి అతను ఒక మనిషి పేరు చదివాడు, మందులు అందుకోవాల్సిన కోడలి పేరు. ఇంటి నంబరు కింద, భర్త నకల్లో తెగిపోయిన ముక్కలో, ఇంకో వరస: ఇంట్లో లేకపోతే ఇక్కడ ఇవ్వగలరు. దాని పక్కన ఒక లాండ్రీ పేరు. ఆవిడ పనిచేసే చోటు కాబోలు.

మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. తొందర లేని అడుగులు. అతను గోటితో చీటీ అంచు లేపాడు. సగం వచ్చింది, సగం అంటుకుపోయింది. గీకాడు. తలుపు మీద చప్పుడైంది. ముసలావిడ అలవాటుగా “ఎవరది” అంది. “నేనేనమ్మా” అంది మెత్తటి గొంతు. “ఎవరది” అంది ముసలావిడ మళ్లీ. ఆ మాటకు ఆ మాటకు మధ్య దొరికిన సందులో అతను చీటీ ముక్కలన్నీ నోట్లో వేసుకుని నమిలాడు. జిగురు చేదుగా ఉంది. మింగాడు.

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషి శుభ్రంగా దువ్వుకున్న తలతో, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. జేబులో మడతపెట్టిన నకలు. ముందు తల్లి దగ్గర వంగి మోకాళ్లెలా ఉన్నాయని అడిగాడు. గదంతా చూశాడు. అప్పుడు ఇతన్ని చూశాడు. నువ్వెవరన్నాడు. మందుల కంపెనీ అనబోయాడు ఇతను. గొంతు పట్టిచ్చింది.

“ఫోనులో మాట్లాడింది నువ్వే. మాకూ కనపడదన్నావు.”

తలుపు మూసి గడియ పెట్టి వచ్చాడు. ఎంత మెత్తగా మాట్లాడాడో అంత నిదానంగా కొట్టాడు. పని తెలిసినవాడి చెయ్యి. ఎక్కడుంది అని అడగడం, కొట్టడం. కుడిచేతి వేళ్లను బల్ల అంచున పెట్టి పీట దించినప్పుడు కూడా అదే ప్రశ్న, అదే గొంతు. తెలియదు అన్నాడు తుడుపుగుడ్డ. ఎటు పోయిందో నిజంగానే తెలియదు. తెలిసిన ఆ ఒక్క మాట కడుపులో ఉంది. ఇంకో దెబ్బ పడితే అది పైకి వస్తుందేమోనని, వేళ్ల నొప్పికన్నా ఆ భయం ఎక్కువైంది.

“ఆయనకు తెలియదురా” అంది తల్లి. “నాకూ తెలియదు. చెప్పొద్దని నేనే చెప్పాను. నన్ను తీసుకుపో. ఇంటికి పోదాం పద.”

కొడుకు చేతులు తుడుచుకున్నాడు. తల్లి సామాను సర్దాడు. కోడలి ఫోను జేబులో వేసుకున్నాడు. ముసలావిడ లేచి బల్ల మీది మందుల డబ్బా తీసుకుంది. చీటీ ఊడిన చోట గరుకుగా, తెల్లగా ఉన్న మరకను బొటనవేలితో ఒకసారి తడిమింది. ఇతనివైపు చూడకుండా దాన్ని సంచిలో వేసుకుంది. మోచెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ చూసి చూసి దింపుతున్న ఆ కొడుకును ఆ సందులో ఎవరు చూసినా, ఎంత బంగారంలాంటి కొడుకో అనే అనుకుని ఉంటారు. పోలీసు వచ్చేసరికి గదిలో ఇతనొక్కడే ఉన్నాడు. ఈ ఇల్లు ఎవరిది, ఇందులో నువ్వేం చేస్తున్నావు అని అడిగాడు.

ఫిర్యాదు కంపెనీకి ముందు భర్త నుంచే వచ్చింది. ఖాతాదారుగా ఇచ్చాడు. తన ఖాతా తుడిచాక కూడా మీ ఉద్యోగి దాని జాడ పట్టుకుని మా ఇంటి ఆడవాళ్లున్న చోటికి వెళ్లాడని. ప్రతి మాటా నిజమే. జనం వివరాల కాపుదలకు చట్టం పెట్టిన బోర్డు విచారించింది. నకలు పంపడంలో లోపం లేదని తేలింది. వెనక్కి వెతకడం మాత్రం నేరమని తేలింది. ఇకమీదట ఇలా జరగనివ్వమని భర్తకు క్షమాపణ ఉత్తరం వెళ్లింది. వేళ్ల సంగతి పోలీసుల వ్యవహారం, మా పరిధి కాదన్నారు. విచారణకు వచ్చినచోట, మీ అమ్మ ఎలా ఉందని ఇతను అడిగితే, కులాసాగా ఉందని భర్త అదే మెత్తటి గొంతుతో చెప్పాడు. తల్లిని ఎవరూ పిలిపించలేదు. ఆమె పేరు మీద ఖాతా లేదు.

ఆఖరున నిబంధనల మేడమ్ అడగాల్సింది అడిగింది. అడుగుతూ కట్టుకట్టిన చేతివైపు చూడకుండా ఉండడానికి చాలా అవస్థపడింది.

“ఆ స్త్రీ గురించి నీ దగ్గర ఇంకా ఏదైనా మిగిలుందా? ఉంటే ఇచ్చేయాలి. నియమం.”

“లేదు మేడమ్” అన్నాడు.

అది అబద్ధం. ఆ పేరూ, ఆ లాండ్రీ పేరూ అతనికి పోలేదు. తలస్నానం చేస్తుంటే గుర్తొస్తాయి. ముద్ద నోట్లో పెట్టుకుంటే జిగురు చేదుతో సహా గుర్తొస్తాయి. అన్నేళ్లు ఊరందరివీ తుడిచినవాడు, ఆ రెండు మాటలు తుడుచుకోలేకపోయాడు. భార్య ఒకటి రెండుసార్లు అడిగింది, ఏమిటాలోచిస్తున్నారని. ఆమెకూ చెప్పలేదు. ఇప్పుడామె తిన్న బల్ల తుడవమని దెప్పడం మానేసింది. అతని కుడిచెయ్యి ముడవదు.

పని వెతుక్కుంటూ ఒకరోజు తెలియని వీధిలో పోతుంటే ఎదురుగా ఆ లాండ్రీ పేరున్న బోర్డు కనపడింది. తెరిచిన తలుపులోంచి ఆవిరి బయటికి వస్తోంది. లోపల ఎవరో ఆడవాళ్లు చెరో కొస పట్టుకుని తడి దుప్పట్లు విదిలిస్తూ మాట్లాడుకుంటున్నారు. ఒక గొంతు విన్నట్టే ఉంది.

తల తిప్పుకున్నాడు. రోడ్డు దాటి అవతలివైపు నుంచి నడిచాడు. ఆ తర్వాత ఆ వీధికి మళ్లీ పోలేదు.